పొద్దున లేస్తే ఎదురుపడేవాళ్లు

గుంటూరు,
తపస్సుకాలం, రెండో వారం.

నాయనా చిన్నోడా,

మన గుడి విన్సెంట్ ది పాల్ సంఘంలో పేరు రాయించుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో సంతోషం సగం, సందేహం సగం. "గ్రూప్స్‌కు చదువుకుంటాడనుకుంటే వీధులెంట తిరుగుతానంటున్నాడక్కా" అన్నాడు. వాడి సందేహం వాడికి ఉండనీ. నాకు మాత్రం నీతో చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఫోన్లో అయితే "ఊఁ అత్తా, సరే అత్తా" అని దాటేస్తావు. అందుకే కాయితం పట్టాను.

మంచి సమరయుడి కథ నీకు ఉపదేశి చిన్నప్పుడే చెప్పుంటాడు. దోవలో దెబ్బలు తిని పడి ఉన్నవాడికి కట్టు కట్టి, తన గాడిద మీద ఎక్కించి, సత్రంలో చేర్చి, సత్రంవాడికి రెండు దెనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరుగు దోవలో ఇస్తానని వెళ్లిపోయాడు. గొప్పవాడే. కానీ ఆయనకొక వెసులుబాటు ఉంది. ఆయన బాటసారి. ఆ దెబ్బలు తిన్నవాడు మర్నాడు టీకొట్టు కాడ ఎదురుపడడు. వాడి తమ్ముడితో ఈయనకు గట్టు తగాదా లేదు. వాడి పెళ్లాం ఈయన చెల్లెలితో కలిసి పొగాకు పనికి పోదు. నీకు అవన్నీ ఉన్నాయి. మన పామూరులో నువ్వు ఎవరి గడప తొక్కినా నువ్వు ఎవరి మనవడివో వాళ్లకు తెలుసు, వాళ్ల గుట్టు సగం నీకు ముందే తెలుసు. పరాయివాడికి పెట్టడం తేలిక. పొద్దున లేస్తే ఎదురుపడేవాడికి పెట్టి, ఆ తర్వాత కూడా వాడు తల దించుకోకుండా నీతో మాట్లాడగలిగేటట్టు ఉండటం, అదిరా కష్టం.

ఇది రిటైరైనవాళ్లు ఆదివారం పూజ అయ్యాక కూర్చుని మాట్లాడుకునే సంఘమని నువ్వు అనుకుంటూ ఉండొచ్చు. చాలాచోట్ల అలాగే అయిపోయింది, కాదనను. మొదలుపెట్టినవాళ్లు మాత్రం నీకంటే చిన్నవాళ్లు. 1833లో పారిస్‌లో చదువుకుంటున్న కాలేజీ పిల్లలు. అంతకు ముందు ఏడాదే కలరా వచ్చి ఆ ఊరు అల్లాడిపోయింది. ఈ పిల్లలు వారం వారం చేరి చరిత్ర గురించీ మతం గురించీ వాదించుకునేవాళ్లు. ఒకరోజు అవతలి పక్షంవాడొకడు అడిగాడు: మీ శ్రీసభ ఒకప్పుడు ఏదో చేసిందంటారు సరే, ఇప్పుడు బీదవాళ్లకు ఏం చేస్తోంది అని. ఫ్రెడెరిక్ ఓజనామ్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆ మాట గుచ్చుకుంది. కొద్దిమంది స్నేహితులను కలుపుకుని సంఘం పెట్టాడు. పెట్టాడు గానీ ఎవరింటికి వెళ్లాలో వాళ్లలో ఒక్కడికీ తెలీదు. వాళ్లకు దోవ చూపించింది సిస్టర్ రోజలీ రాంద్యు. ముఫ్తార్ వీధి చుట్టుపక్కల పేదల వాడల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న కన్యాస్త్రీ ఆవిడ. ఏ మేడ మీద ఏ గదిలో ఎవరు పొయ్యి వెలిగించలేదో ఆవిడకు తెలుసు. రొట్టెకు, వంటచెరుకుకు చీట్లు చేతికిచ్చి ఫలానా ఇంటికి వెళ్లండని ఆ పిల్లల్ని పంపేది.

అంచేత నీ మొదటి పని, మన ఊళ్లో ఆ రోజలీ ఎవరో కనుక్కోవడం. సంఘం అధ్యక్షులవారు కాకపోవచ్చు. ఆశా కార్యకర్తనడుగు. అంగన్‌వాడీ ఆయమ్మనడుగు. అందరికంటే ముందు, పద్దు రాసే చిల్లరకొట్టు ఆయన్ను అడుగు. నూనె ప్యాకెట్టు కొనే మనిషి ఎప్పటినుంచి పది రూపాయల నూనెకు దిగిందో, పద్దు పెరిగిపోయి ఎవరు అసలు కొట్టు ముందు నడవడమే మానేసి పక్క సందులోంచి పోతున్నారో ఆయనకు తెలిసినట్టు మన ఫాదర్‌గారికి కూడా తెలీదు. ఊరికే అడిగితే చెప్పడు. ఒక సబ్బు కొనుక్కుని, కాసేపు నిలబడి, నెమ్మదిగా అడగాలి.

మీ నాన్నతో ఇదొకటి చెప్పు: ఓజనామ్ ఈ పనిలో పడి చదువు మానుకోలేదు. లా చదివాడు, సాహిత్యం చదివాడు, సోర్బాన్‌లో ఆచార్యుడయ్యాడు. 1997లో పోపు రెండో జాన్ పాల్ పారిస్‌లోనే ఆయన్ను ధన్యుడిగా ప్రకటించారు. నలభై ఏళ్లకే పోయాడన్న సంగతి మాత్రం చెప్పకు.

సంఘానికి పేరిచ్చిన విన్సెంట్‌గారి కథ ఇంకా పాతది, నాకు ఇంకా ఇష్టమైనది. 1617లో ఆయన షాతియోన్ అనే చిన్న ఊళ్లో విచారణ గురువు. ఆదివారం పూజకు సిద్ధమవుతుంటే ఎవరో వచ్చి, ఊరి బయట ఒకింట్లో అందరూ జబ్బుపడి ఉన్నారు, చూసే దిక్కు లేదు అన్నారు. ఆయన ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. మధ్యాహ్నం తనూ బయల్దేరి వెళ్తే దోవ పొడుగునా జనమే. తిండి మోసుకుని పోయేవాళ్లు, ఇచ్చేసి తిరిగొచ్చేవాళ్లు. ఇంకొకరైతే మురిసిపోయేవారు. ఆయన మురిసిపోలేదు. ఒక్కరోజే ఇంత తిండి పోగైతే తినగలిగినంత తిని మిగతాది కుళ్లబెట్టుకోవడమే, ఆ తర్వాత మళ్లీ పస్తే కదా అనుకున్నాడు. ఊళ్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి వంతులు వేయించాడు, ఇవాళ ఒకరు వండితే రేపు ఇంకొకరు వండేటట్టు. ఆయన చేసిన పెద్ద పనులన్నిటికీ అదే మొదలు.

మన క్రిస్మస్ పంపకాలు ఒకసారి తలుచుకో. డిసెంబరులో ఒకే ముసలామెకు గుళ్లో ఒక దుప్పటి, పార్టీవాళ్లు ఒకటి, హైదరాబాదు నుంచి వచ్చిన ఎవరో అబ్బాయిలు ఒకటి. మే నెలలో అదే ముసలామె బీపీ మాత్రలు అయిపోయి సగం సగం విరుచుకుని వేసుకుంటూ ఉంటుంది. అప్పుడు ఎవరూ ఉండరు. నువ్వు మే నెల మనిషివి అవ్వు. డిసెంబరులో చేయడానికి చాలామంది ఉన్నారు.

ఇక ఇళ్లకు వెళ్లే సంగతి. ఇద్దరిద్దరుగా వెళ్లడం సంఘంలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. దాన్ని సడలించొద్దు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు చూస్తారు, డబ్బు విషయంలో సాక్ష్యం ఉంటుంది. మన ఊళ్లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒంటరి ఆడమనిషి ఇంటికి నువ్వు ఒక్కడివే వెళ్తే, నీకేమీ కాదు, ఆమెకు మాట వస్తుంది. నువ్వూ నీ స్నేహితుడూ కలిసి వెళ్లినా వస్తుంది. జపమాల చెప్పే పెద్దమ్మల్లో ఒకరిని తోడు తీసుకెళ్లు. వాళ్లు నీకంటే నిదానంగా నడుస్తారు, నీకంటే తొందరగా సంగతి పసిగడతారు.

మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్లు. నువ్వు బియ్యం సంచి మోసుకుని వీధి చివరినుంచి వస్తుంటే అది ఎవరింటికి పోతుందో అందరూ చూస్తారు. వెళ్లాక "మీకేం కావాలి పెద్దమ్మా" అనొద్దు. "మాకేం తక్కువ నాయనా" అనే జవాబు వస్తుంది, అక్కడితో దారి మూసుకుపోతుంది. కూర్చో. కొడుకులు ఎక్కడున్నారో అడుగు. మన వైపు సగం ఇళ్లలో కొడుకులు బెంగుళూరులోనో హైదరాబాదులోనో బేల్దారి పనిలో ఉంటారు, ఇంట్లో ముసలివాళ్లూ మనవలూ మిగులుతారు. వాళ్లు చెబుతూ ఉంటే నువ్వు మూడు చూడు: పొయ్యి, నీళ్ల క్యాను, గోడకు తగిలించిన మందుల కవరు. పొయ్యి కాడ బూడిద ఎప్పటిదో తెలిసిపోతుంది. మందుల చీటీ మీద తేదీ చూస్తే ఆఖరిసారి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లారో తెలుస్తుంది.

మజ్జిగ ఇస్తే తాగు. వాళ్లకే లేదు కదా అని వద్దనొద్దు. నీకిచ్చేందుకు వాళ్ల దగ్గర ఒకటుందని తేలింది, అది కాదనడానికి నువ్వెవరివి? చిక్కుడుకాయలిస్తే సంచీలో వేసుకుని రా.

ఫొటోలు వద్దు. ఇది మాత్రం అడుక్కుంటున్నాను అనుకో. కువైట్‌లో ఉన్న మనవాళ్లో, అమెరికాలో ఉన్నవాళ్లో డబ్బు పంపి "ఫొటో పెట్టండి బ్రదర్" అంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఫొటో తిరిగి తిరిగి ఆ ముసలాయన కూతురు మెట్టినింటి ఫోనులోకి వస్తుంది. "మీ నాన్న గుళ్లో అడుక్కుంటున్నాడంట" అని అత్తగారంటే ఆ పిల్ల ఏం చెప్పుకోవాలి? బియ్యం కొన్న రసీదు పంపు. కుటుంబాలెన్నో, ఖర్చెంతో రాసి పంపు. అది చాలదన్నవాళ్ల డబ్బు మనకు అక్కర్లేదు.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మన పక్క సంగతి కాబట్టి. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉంటే తాగకూడదన్నది లెక్క. కనిగిరి, పామూరు పక్క బోర్లలో అంతకు మించి ఉండటం మనకు కొత్త కాదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు నువ్వు చూశావు, నీ క్లాసులోనే ఉండేవాళ్లు. పెద్దవాళ్లలో అది ఎముకల్లోకి దిగుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు, కూర్చుంటే లేవలేరు. నేను ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ కీళ్లనొప్పులని వచ్చేవాళ్లలో ఎంతమందివి ఒట్టి కీళ్లనొప్పులు కావో చూస్తూనే ఉన్నాను. కాచి చల్లార్చి తాగుతున్నాంలే అంటారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

అందుకని అందరం ప్లాంటు నీళ్లు కొనుక్కుంటున్నాం. ఇరవై లీటర్ల క్యాను కొనే డబ్బు ఉన్నా దాన్ని ఇంటిదాకా మోసే ఓపిక లేని ముసలివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క తీయి. వాళ్లు ఎవరినీ అడగలేక మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. సంఘం తరఫున బియ్యం ఇచ్చే ఇళ్లకంటే క్యాను మోసే ఇళ్లు ఎక్కువుండాలని నా లెక్క. నీకు బండి ఉంది. పొద్దున పొట్టేళ్లను మేతకు తోలేవేళకు నాలుగిళ్లకు నాలుగు క్యానులు వేసి రావచ్చు. ఇందులో ఇంకో సుఖం ఉంది. క్యాను మోసిపెట్టడాన్ని మన ఊళ్లో ఎవరూ దానం అనుకోరు. పక్కింటి కుర్రాడు చేసే పని అనుకుంటారు. నువ్వు పుట్టకముందు శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వాళ్ల గుమ్మంలో కొళాయిలోకి వచ్చేదాకా ఈ పని ఉంటుంది.

ఇక కాయితాలు. నువ్వు చదువుకున్నవాడివి, నీవల్ల సంఘానికి అందరికంటే ఎక్కువ ఉపయోగం ఇక్కడే. ఒక లెక్క చూడు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను, వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు. ఏడాదికి 48,000. దివ్యాంగులకైతే నెలకు 6,000, పూర్తిగా మంచానపడ్డవాళ్లకు 15,000. ఒక్క మనిషికి రావాల్సిన పింఛను రాబట్టగలిగితే, అది మన సంఘం మీటింగుల్లో ఎన్నేళ్లు గుడ్డసంచీ తిప్పినా ఆ ఇంటికి ఇవ్వలేనంత. అది ఎందుకు ఆగిందో చూస్తే కారణం మరీ చిన్నదై ఉంటుంది. ఆధార్‌లో వయసు తప్పు. బియ్యం కార్డులో కోడలితో కలిసి ఉన్న పేరు. జన్మంతా కూలి చేసి చేతిగీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. దివ్యాంగుల సదరం సర్టిఫికెట్‌కు స్లాటు ఎప్పుడు దొరుకుతుందో తెలీక ఒకసారి సచివాలయానికి వెళ్లి, రేపు రమ్మంటే మళ్లీ పోలేదు. పింఛను తీసుకునే భర్త పోతే ఆ పింఛను భార్యకు మార్చే ఏర్పాటు 2024 చివరినుంచి ఉంది. కానీ చావుఇంట్లో మరణ ధ్రువపత్రం సంగతి ఎవరికి గుర్తుంటుంది? అది నీకు గుర్తుండాలి. దినం భోజనాల ముందే వెళ్లి ఆ పని కదిలించు.

ఆసుపత్రి కూడా అంతే. వైద్యసేవ కార్డు చాలామందికి ఉంది. ఒంగోలు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాయాలో, ఏ గదికి పోవాలో చెప్పే మనిషి లేక, తెల్లవారుజామున బస్సెక్కి కనిగిరి మీదుగా అంతదూరం పోయి, చూపించుకోకుండానే తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లతో ఒక పూట వెళ్లి నిలబడు. డబ్బిచ్చి పంపినదానికంటే అది ఎక్కువ.

రెండు జాగ్రత్తలు. ఎవరి ఏటీఎం కార్డూ నీ జేబులో ఉంచుకోవద్దు, ఓటీపీ అడిగి చెప్పించుకోవద్దు, ఎంత నమ్మినా సరే. రెండోది, దరఖాస్తుల్లో కులం, మతం అని ఉండే గడులు నీ ఊహతో నింపొద్దు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీలుగా గుర్తించదు, మన రాష్ట్రంలో వాళ్లది బీసీ-సీ. ఆదివారం గుళ్లో కనిపించే మనిషి కాయితం మీద ఏమని ఉందో నీకు తెలీదు, ఎందుకలా ఉందో అడిగే హక్కూ నీకు లేదు. నువ్వు గడిలో రాసే ఒక్క మాటకు వాళ్ల పిల్లాడి చదువు ముడిపడి ఉండొచ్చు. వాళ్లు చెప్పింది రాయి, చెప్పకపోతే వాళ్లనే రాసుకోమను.

గ్రామ వలంటీర్లు ఉన్న రోజులు జనానికి ఇంకా గుర్తున్నాయి. 2019 నుంచి అయిదేళ్లు యాభై ఇళ్లకొక కుర్రాడు తిరిగేవాడు. నువ్వు కాయితాలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే "ఏ పార్టీ నాయనా?" అని అడుగుతారు. కోపం తెచ్చుకోవద్దు. గుడి తరఫున అని చెప్పు. ఎన్నికలు దగ్గరపడితే నాయకులు మన పంపకానికి తమ బ్యానరు కట్టుకుంటామని వస్తారు. ఆ నెలరోజులూ ఏ కారులోనూ ఎక్కకు.

గుడి తరఫున అంటే ఇంకో అనుమానం పుడుతుంది, మతం మారుస్తారేమోనని. ఆ అనుమానం మన పక్క చాలా పాతది. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న క్లౌ దొర, అమెరికా బాప్తిస్టు మిషనరీ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువుతో మాడుతున్నవాళ్లకు పని కల్పించాడు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం ఇమ్మని జనం వస్తే, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లెందుకు వచ్చారన్న దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తాయి, నడవనీ. గంజి పోస్తున్న చేత్తోనే అప్పటికప్పుడు బాప్తిస్మం ఇవ్వకూడదని ఆయనకు తోచింది చూడు, అది నాకు నచ్చింది. ఆయన బాప్తిస్టు, మనం ఆర్.సి.ఎం., అయితే ఏం?

నువ్వు బియ్యం ఇచ్చిన ఇంటివాళ్లు పూజకు వస్తున్నారో లేదో లెక్కపెట్టకు. అడగమని ఎవరైనా పెద్దలు చెప్పినా అడగకు. మన గుడివాళ్లే కదా ముందు అని కొందరంటారు. మతం చూడకుండా సాయం చేయాలన్నదే సంఘం నియమం. దాదాపు 150 దేశాల్లో ఈ సంఘం అలాగే నడుస్తోంది. పామూరులో వేరేగా నడవాల్సిన పని లేదు. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేయి. చిన్నదిగా చేయి.

కులం సంగతి రాయకుండా ఉందామనుకున్నాను గానీ అది నీకు ఎదురవుతుంది. మన గుడివాళ్లలో ఎక్కువమంది ఏ పల్లెల్లోంచి వచ్చారో ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన పెద్దకులం ఇల్లు ఒకటి నీ జాబితాలోకి వస్తుంది. ఆమె పస్తుంటుంది, నువ్వు తెచ్చిన బియ్యం తీసుకుంటుంది, కానీ అరుగు మీదే పెట్టమంటుంది. వండిన అన్నం అసలే ముట్టదు. నీకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. "లోపలికి రానా అమ్మా?" అని ఒక్కమాట అడుగు, నవ్వుతూనే. వద్దంటే బియ్యం అక్కడే పెట్టి రా. వచ్చే నెల ఆ ఇంటికి నువ్వు పోనక్కర్లేదు, సంఘంలో ఇంకొకరు పోతారు. బియ్యం మాత్రం ఆగకూడదు. ఆమె ఆకలి తప్పు కాదు, నువ్వు గడప బయట నిలబడటమూ నీ విధి కాదు. సహనం సహనం అని నీకు ప్రసంగాలు చేసేవాళ్లు ఉంటారు. నేను చేయను.

డబ్బు విషయం. మీటింగులో తిరిగే సంచీలో ఎవరు ఎంత వేశారో పక్కవాడికి కూడా తెలియకూడదు, అందుకే దాన్ని మూసిన సంచీగా ఉంచారు. నువ్వు పది రూపాయలే వేసినా చెయ్యి పూర్తిగా లోపల పెట్టి తీయి. ఆడవాళ్లు రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి నెలకొకసారి గుడికి తేవడం మన విచారణలో మళ్లీ మొదలుపెట్టించగలవేమో చూడు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచి ఇదే పని చేస్తూ వాళ్ల చర్చినే నిలబెట్టారు. సొంతానికే చాలీచాలని ఇల్లు కూడా పిడికెడు తీసిపెట్టగలదు. అప్పుడు ఇచ్చే ఇల్లు, పుచ్చుకునే ఇల్లు అన్న గీత కొంచెం చెరిగిపోతుంది.

అప్పు మాత్రం ఇవ్వొద్దు, సంఘం డబ్బూ నీ డబ్బూ కూడా. ఊరికే ఇచ్చేయి, లేదంటే లేదని చెప్పు. అప్పిచ్చిన మర్నాటినుంచి ఆ మనిషి నిన్ను చూసి సందు మారుతాడు. వాడిని చూసి నువ్వూ ముఖం తిప్పుకుంటావు. ఒక ఇంటికి సాయం చేయబోయి ఒక ఇల్లు పోగొట్టుకుంటాం. తాగుడు ఉన్న ఇంట్లో చేతికి డబ్బు ఇవ్వకు. మందులషాపులో కట్టు, బడి ఫీజు బడిలో కట్టు, సామాను ఆడమనిషి చేతికి ఇవ్వు. వాడు తాగుతున్నాడు కదా అని ఆ ఇంటిని జాబితాలోంచి కొట్టేయాలని మీటింగులో ఒకాయన లేస్తాడు. ప్రతి మీటింగులోనూ ఒకాయన ఉంటాడు. పిల్లలు తాగడం లేదు కదా అని మర్యాదగా అడుగు.

"వాళ్లకిచ్చారు, మాకివ్వలేదు" అనే మాట పడకుండా ఈ పని చేయలేవు. ఎవరికిచ్చామో ఎందుకిచ్చామో బయట చెప్పలేం కాబట్టి మన దగ్గర జవాబు ఉండదు. మాట పడు. మీటింగులో విన్న ఏ ఇంటి సంగతీ మీ అమ్మతో కూడా అనకు. మీ అమ్మ మంచిది, కానీ ఆమెకు చెల్లెళ్లు ఉన్నారు.

సాయం వద్దనేవాళ్లు కూడా ఉంటారు. ఒత్తిడి చేయకు. వాళ్ల పొలంలోనో కొట్టులోనో కొనదగ్గది ఏదైనా ఉంటే కొనుక్కో. ముసలాయన ఇంకా తాడు పేనగలిగితే తాడు కొను, ఆమె ఇంకా విస్తళ్లు కుట్టగలిగితే గుడి పండక్కి విస్తళ్లు అక్కడే తీసుకోమని ఫాదర్‌గారికి చెప్పు. మన ఊరు 1970లో ఒంగోలు జిల్లాలోకి మారినా మేత్రాసనం నెల్లూరే కాబట్టి పండగలకు నెల్లూరు నుంచి కూడా జనం వస్తారు. విస్తళ్లు ఎన్నైనా చెల్లుతాయి.

నీకు ఉద్యోగం వస్తుంది. వచ్చిన రోజున ఈ ఇళ్లన్నీ ఒక్కసారి వదిలేసి బస్సెక్కకు. వెళ్లడానికి నెల ముందే నీ తర్వాత వచ్చే కుర్రాడిని వెంటబెట్టుకుని ప్రతి గడపా ఎక్కి దిగు. ఎవరికి ఏ రోజు మాత్రలు అయిపోతాయో, ఎవరికి చెవి వినపడదో, ఎవరి కుక్క కరుస్తుందో వాడికి చెప్పు. పింఛను దరఖాస్తులు ఏ దశలో ఆగాయో రాసిన పుస్తకం వాడికివ్వు. మనం నెలనెలా వస్తామని నమ్మినవాళ్లకు ఒక నెల ఎవరూ రాకపోతే, అసలు రానివాళ్లకంటే మనమే ఎక్కువ బాధపెట్టినవాళ్లం అవుతాం.

మీ ఇంట్లో బీరువా పైన నా పాత బీపీ మిషను ఉంది, చేతికి చుట్టేది. తీసుకో. బ్యాటరీలు తీసి పెట్టాను, కొత్తవి వేయించు. చూసేముందు మనిషిని అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టు, ఎండలోంచి వచ్చినవెంటనే చూడకు. అంకె, తేదీ వాళ్ల చీటీ మీదే రాయి. ఎక్కువుంటే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఏ మాత్ర వేసుకోవాలో మాత్రం నువ్వు చెప్పకు, ఎంత బతిమాలినా సరే. ఒకటో తారీఖు తర్వాత ఫోన్ చేయి, ఎవరెవరికి పింఛను అందలేదో చెప్తే ఏ కాయితం కావాలో చూద్దాం.

మీ అమ్మను, నాన్నను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్త